బగ్ దిద్దాలంటే ముందు బిల్డ్ నిలబడాలి

సంపాదకులకు నమస్కారం.

ఓపెన్ సోర్స్‌లో చేయి పెట్టాలనుకునే బీటెక్ పిల్లల కోసం మొన్న మీ చదువుల పేజీలో వేసిన వ్యాసం బాగుంది. ఒక్క మాట మాత్రం మింగుడుపడలేదు. డేటాబేస్ సర్వర్లలాంటి పెద్ద వాటి జోలికి పోవద్దని, రీడ్‌మీలో అచ్చుతప్పులు దిద్దుకుంటూ మొదలుపెట్టమని రాశారు. అచ్చుతప్పులతో మొదలుపెట్టినవాడు చాలాసార్లు అక్కడే ఆగిపోతాడు. హన్మకొండ, కాజీపేట హాస్టళ్లలో పిల్లల దగ్గరుండే 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ మీదే మరియాడీబీ అనే ఓపెన్ సోర్స్ డేటాబేస్ సర్వర్‌ని సోర్స్ (మూల కోడ్) నుంచి బిల్డ్ చేయొచ్చు (నడిచే ప్రోగ్రామ్‌గా మార్చుకోవచ్చు), అందులో బగ్ దిద్ది పంపొచ్చు. వాళ్లకు అడ్డుపడేది సీ ప్లస్ ప్లస్ కాదు. బిల్డ్ మధ్యలో ఆగితే ఎందుకాగిందో తెలియదు, బగ్‌ని కళ్లముందు మళ్లీ రప్పించడం చేతకాదు. ఆ రెండూ సిలబస్‌లో లేవు.

బిల్డ్‌కీ బగ్‌కీ ఏం సంబంధమని అడిగేవాళ్లు 2012 జూన్‌లో బయటపడ్డ సీవీఈ-2012-2122 (భద్రతా లోపాలకు ఇలా నంబర్లిస్తారు) చూడాలి. మైఎస్‌క్యూఎల్, మరియాడీబీ డేటాబేస్‌లు రెండింటిలోనూ ఉన్న లోపం అది. తప్పు పాస్‌వర్డ్ ఇచ్చినా దాదాపు 256 సార్లకు ఒకసారి సర్వర్ లోపలికి రానిచ్చేది. పాస్‌వర్డ్ సరిపోయిందా లేదా తేల్చే ఫంక్షన్ చివర్లో మెమ్‌సీఎంపీని (మెమరీలోని బైట్లను పోల్చే సీ ఫంక్షన్‌ని) పిలిచి రెండు 20 బైట్ల ముక్కల్ని పోల్చి చూస్తుంది. రెండూ ఒకటైతే మెమ్‌సీఎంపీ సున్నా ఇస్తుంది. తేడా ఉంటే సున్నా కాని అంకె ఇస్తుంది. అది ప్లస్సో మైనస్సో సీ ప్రమాణం చెబుతుంది గానీ ఎంత అన్నది చెప్పదు. వచ్చే జవాబు నాలుగు బైట్ల ఇంట్ (పూర్ణాంకం). దాన్ని ఆ ఫంక్షన్ ఒకే బైటు ఉండే మైబూల్‌గా (అవును, కాదు అని చెప్పే రకంగా) తిరిగి ఇచ్చేది. ఇప్పుడు జవాబు 256 వచ్చిందనుకోండి. 256లో కింది బైటు సున్నా. 'వేరు' అని వచ్చిన జవాబు ఒక బైటులోకి కుదించేసరికి 'ఒకటే' అయి కూర్చుంది. కనెక్ట్ అయిన ప్రతిసారీ సర్వర్ కొత్తగా యాదృచ్ఛిక బైట్లు పంపుతుంది కాబట్టి, దొంగకు తెలివి అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు. లెక్క కడితే 300 ప్రయత్నాలకు తలుపు తెరుచుకునే అవకాశం సుమారు 69 శాతం, వెయ్యికి 98 శాతం.

అసలు విశేషం ఆ తర్వాతది. అదే సోర్స్‌ని తయారీదారులు బిల్డ్ చేసి ఇచ్చిన బైనరీల్లో (నడపడానికి సిద్ధంగా ఉన్న ప్రోగ్రామ్‌లలో) ఈ లోపం కనపడలేదు. జీసీసీ (కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్) తన సొంత మెమ్‌సీఎంపీని కోడ్‌లోనే ఇమిడ్చినప్పుడు జవాబు చిన్న అంకెగానే వస్తుంది, కింది బైటు ఊరికే సున్నా అయిపోదు. అలా కాకుండా లైనక్స్ సీ లైబ్రరీ జీలిబ్‌సీలో, ప్రాసెసర్ ఎస్ఎస్ఈ సూచనలతో వేగం పెంచిన మెమ్‌సీఎంపీకి పని అప్పజెప్పిన బిల్డ్‌లలో మాత్రం దెబ్బ తగిలింది. ఉబుంటు, ఫెడోరా, ఓపెన్‌సూసే లైనక్స్‌ల కొన్ని ప్యాకేజీలు అలా చిక్కాయి. ఒకటే సోర్స్, రెండు బిల్డ్‌లు, ఒకదానికి తాళం ఉంది, రెండోదానికి లేదు. 'తప్పు పాస్‌వర్డ్ ఇస్తే రానివ్వకూడదు' అని ఒకసారి నడిపే టెస్ట్ కూడా 256లో 255 సార్లు పాసైపోతుంది. సవరణ ఒక్క లైను: మెమ్‌సీఎంపీ జవాబు సున్నానా కాదా అని మాత్రమే చూసి 0 లేదా 1గా మార్చి పంపడం. ఆ లైను రాయడానికి రెండో సంవత్సరం విద్యార్థి చాలు. అది ఏ లైనో కనిపెట్టడమే పని.

ఇక బిల్డ్ సంగతి. మొదటి పొరపాటు సోర్స్ తెచ్చుకోవడంలోనే జరుగుతుంది. కోడ్ ఉంచే గిట్‌హబ్ సైట్‌లో జిప్ డౌన్‌లోడ్ నొక్కుతారు. జిప్‌లో సబ్‌మాడ్యూళ్లు (వేరే చోటి నుంచి తెచ్చుకునే అనుబంధ కోడ్) రావు, లిబ్‌మరియాడీబీ ఫోల్డర్ ఖాళీగా ఉంటుంది, బిల్డ్‌ని సిద్ధం చేసే సీమేక్ అక్కడే చేతులెత్తేస్తుంది. గిట్ క్లోన్ చేయాల్సిందే, అంటే కోడ్‌ని మార్పుల చరిత్రతో సహా తెచ్చుకోవాలి. నెట్ నెమ్మదైతే డెప్త్ 1 పెట్టి పైపై కమిట్ (నమోదైన మార్పు) ఒక్కటే తెచ్చుకోవచ్చు గానీ, బగ్ ఏ కమిట్‌తో వచ్చిందో వెతకాలంటే పాత చరిత్ర మొత్తం కావాలి. అప్పుడు 'అన్‌షాలో' చేసుకోక (మిగతా చరిత్ర తెచ్చుకోక) తప్పదు. డిస్క్‌లో 20 జీబీ ఖాళీ చూసుకోండి.

మన పిల్లల్లో ఎక్కువమందికి విండోస్ ల్యాప్‌టాప్‌లే. డబ్ల్యూఎస్ఎల్ 2లో (విండోస్ లోపలే లైనక్స్ నడిపే సదుపాయంలో) ఉబుంటు వేసుకుంటారు, మంచిదే. రెండు సంగతులు తెలియక రోజులు పోగొట్టుకుంటారు. సోర్స్‌ని సీ డ్రైవ్‌లో పెడితే లైనక్స్ వైపు నుంచి ఒక్కో ఫైల్ తెరవడానికి ఆలస్యమై బిల్డ్ నత్తనడక నడుస్తుంది. ఉబుంటు హోమ్ ఫోల్డర్‌లోనే పెట్టాలి. రెండోది, డబ్ల్యూఎస్ఎల్ మామూలుగా ల్యాప్‌టాప్ ర్యామ్‌లో సగమే తీసుకుంటుంది. 8 జీబీ మిషన్ మీద అది 4 జీబీ. అక్కడ ఎనిమిది కోర్లున్నాయి కదా అని ఎనిమిది జాబ్‌లు (కంపైల్ పనులు) ఒకేసారి వదిలితే, కాసేపటికి 'కిల్డ్ సిగ్నల్ టెర్మినేటెడ్ ప్రోగ్రామ్ సీసీ1ప్లస్' అని వచ్చి ఆగిపోతుంది. విద్యార్థి కోడ్‌లో తప్పుందనుకుని ఆ ఫైల్ తెరిచి చూస్తుంటాడు. కోడ్‌లో ఏమీ లేదు. మెమరీ చాలక లైనక్స్ కెర్నెల్ కంపైలర్‌ని చంపేసింది, అంతే. కెర్నెల్ లాగ్ చూపే డీమెసేజ్ చూస్తే 'అవుట్ ఆఫ్ మెమరీ' అని రాసి ఉంటుంది. డబ్ల్యూఎస్ఎల్ కాన్ఫిగ్ ఫైల్‌లో మెమరీ 6 జీబీ, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడే చోటు) 8 జీబీ పెట్టుకుని, జాబ్‌లు రెండుకో మూడుకో తగ్గిస్తే అదే బిల్డ్ చివరిదాకా పోతుంది.

కావాల్సిన లైబ్రరీలను ఒక్కొక్కటిగా వెతుక్కోనక్కర్లేదు. ఉబుంటు ప్యాకేజీలు తెచ్చే ఆప్ట్‌లో 'బిల్డ్-డెప్ మరియాడీబీ-సర్వర్' అంటే బైసన్, ఎన్‌కర్సెస్, పీసీఆర్ఈ 2, జెడ్‌లిబ్ అన్నీ ఒకేసారి వస్తాయి. రాకుండా ఎర్రర్ చూపిస్తే సోర్స్ రిపాజిటరీల లైను, అదే 'డెబ్-ఎస్ఆర్‌సీ', ఆఫ్‌లో ఉందని అర్థం.

బిల్డ్ ఫోల్డర్ సోర్స్ ఫోల్డర్ బయట ఉండాలి. సీమేక్‌ని నింజాతో (బిల్డ్ పనులు నడిపే సాధనంతో) నడపాలి, బిల్డ్ టైప్ డీబగ్ పెట్టాలి, కంపైలర్ ముందు సీక్యాష్ (ముందు కంపైలైనవి దాచి మళ్లీ వాడేది) తగిలించాలి. రాక్స్‌డీబీ, మ్రూంగా, స్పైడర్, కనెక్ట్, కాలమ్‌స్టోర్ అనే అదనపు ప్లగిన్లకు 'నో' అని ఇచ్చేయాలి. మీరు దిద్దబోయేది ఆప్టిమైజర్‌లోనో (క్వెరీని ఏ దారిలో నడపాలో ఎంచే భాగం) ఇన్నోడీబీలోనో (డేటా దాచే ఇంజిన్) ఉన్న బగ్ అయితే వీటితో పనిలేదు, రాక్స్‌డీబీ ఒక్కటి తీసేస్తేనే బోలెడు సమయం మిగులుతుంది. మామూలు ల్యాప్‌టాప్ మీద మొదటి బిల్డ్‌కు గంటపైనే పట్టినా కంగారుపడొద్దు. మే నెలలో మన వరంగల్ ఎండలకు ల్యాప్‌టాప్ వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, ఇంకా ఆలస్యమవుతుంది. పొద్దున్నే మొదలుపెట్టుకోవడం మేలు. తర్వాత ఒక సీసీ ఫైల్ మార్చి మళ్లీ బిల్డ్ చేస్తే నిమిషాల పనే. ఎస్‌క్యూఎల్_క్లాస్ హెడర్ లాంటిదాన్ని ముట్టుకుంటే మాత్రం దాన్ని కలుపుకున్న వందల ఫైళ్లు మళ్లీ కంపైలవుతాయి.

కరెంటు పోయి మిషన్ ఆగిపోయిందనుకోండి. నింజా ఆగినచోటి నుంచే అందుకుంటుంది. కానీ ఒక్కోసారి సగం రాసిన ఆబ్జెక్ట్ ఫైల్ సున్నా బైట్లతో మిగిలిపోయి, లింక్ దగ్గర 'ఫైల్ ట్రంకేటెడ్' అంటుంది. మొత్తం చెరిపేసి మొదటికి రావొద్దు. సున్నా సైజున్న ఆబ్జెక్ట్ ఫైళ్లు వెతికి అవే తీసేస్తే సరిపోతుంది.

డీబగ్ బిల్డ్ నెమ్మదిగా నడుస్తుంది. దాంతో వేగం కొలిచి 'మరియాడీబీ స్లో' అని రిపోర్ట్ రాయకూడదు. దాని గొప్పతనం అసర్ట్‌లు, అంటే కోడ్‌లో రాసిపెట్టిన షరతుల తనిఖీలు. మామూలు బిల్డ్ గుట్టుగా దాటిపోయే చోట ఇది టక్కున ఆగి, ఏ ఫైల్‌లో ఏ లైను దగ్గర ఏ షరతు తప్పిందో చెబుతుంది. అనుమానం మెమరీ మీదైతే మెమరీ తప్పులు పట్టే అడ్రస్ శానిటైజర్ ఆన్ చేసి వేరే ఫోల్డర్‌లో ఇంకో బిల్డ్ పెట్టుకోవాలి. విడిచేసిన మెమరీని మళ్లీ వాడితే అది ఎక్కడ తీసుకున్నారు, ఎక్కడ విడిచారు, ఎక్కడ వాడారు, మూడూ చూపిస్తుంది. ర్యామ్ ఎక్కువ మింగుతుంది, టెస్ట్‌లు ఒక్కొక్కటిగా నడపాలి.

బిల్డ్ భయం మరీ ఉంటే పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌తో మొదలుపెట్టొచ్చు. అది దాదాపు మొత్తం సీలోనే ఉంటుంది, త్వరగా కంపైలవుతుంది, 16వ వెర్షన్ నుంచి మేసన్ అనే బిల్డ్ సాధనంతోనూ బిల్డ్ అవుతుంది. అక్కడ గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్‌లు (మార్పు కలుపుకోమనే వినతులు) తీసుకోరు, ప్యాచ్‌ని (మార్పుల ఫైల్‌ని) మెయిల్‌లో పంపాలి. మర్యాదలు వేరు, పని ఒకటే.

బగ్‌ని రప్పించడం దగ్గరే నిజమైన చదువుంది. ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి కొనుగోళ్ల పట్టిక లాంటిది ఒకటి ఊహించుకోండి. నలభై కాలమ్‌లు, లక్షల వరుసలు. తేజ రకం, చపాటా రకం సగటు ధరలు రైతుల పట్టికతో జాయిన్ చేసి అడిగితే ఒక క్వెరీకి తప్పు జవాబొస్తోంది. డేటా అంతా ఉన్న డంప్ ఫైల్ మొత్తాన్ని బగ్ రిపోర్ట్‌కు తగిలిస్తే ఎవరూ తెరవరు. పైగా అందులో రైతుల ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లుంటే అది ఇంకో నేరం. బియ్యం చెరిగినట్టు చెరగాలి. సగం వరుసలు తీసేసి చూడండి, తప్పు ఇంకా వస్తోందా? వస్తే మిగతా సగంలో మళ్లీ సగం. తర్వాత కాలమ్‌లు. తర్వాత ఇండెక్స్‌లు ఒక్కొక్కటి. పేర్లు తీసేసి టీ1, టీ2, ఏ, బీ అని పెట్టండి, విలువలు 1, 2, 3 చేయండి. చివరికి రెండు పట్టికలు, మూడేసి వరుసలు, ఒక సెలెక్ట్ మిగలాలి. ఇక్కడ జాగ్రత్త ఒకటుంది: వరుసలు తగ్గేకొద్దీ ఆప్టిమైజర్ తన ప్లాన్ మార్చేస్తుంది, బగ్ మాయమైనట్టు కనిపిస్తుంది. అందుకే ప్రతి మెట్టు దగ్గరా ఎక్స్‌ప్లెయిన్ (ప్లాన్ చూపే ఆదేశం) చూడాలి. ప్లాన్ మారిపోతే ఫోర్స్ ఇండెక్స్‌తోనో స్ట్రెయిట్ జాయిన్‌తోనో పాత ప్లాన్‌కే కట్టేయాలి.

తర్వాత ఆప్టిమైజర్ స్విచ్‌లో ఒక్కో అంశాన్నీ ఆఫ్ చేస్తూ పోవాలి: సెమీజాయిన్, డిరైవ్డ్ మెర్జ్, ఇండెక్స్ మెర్జ్ ఇలా. ఏది ఆపితే జవాబు సరిగ్గా వస్తుందో, వెతకాల్సిన కోడ్ దాని చుట్టూనే ఉంటుంది. పాత వెర్షన్లో సరిగ్గా వస్తూ కొత్తదాంట్లో చెడిందంటే గిట్ బైసెక్ట్ ఉంది, కమిట్లను సగం సగం చేస్తూ చెడగొట్టినదాన్ని వెతుకుతుంది. మధ్యలో వెయ్యి కమిట్లున్నా పది బిల్డ్‌లతో దోషి దొరుకుతుంది. ఏదైనా కమిట్ అసలు బిల్డే కాకపోతే దాన్ని 'స్కిప్' అనాలి, 'బ్యాడ్' అనకూడదు. అక్కడ బ్యాడ్ అన్నారంటే బైసెక్ట్ ఇంకెవరినో పట్టిస్తుంది.

క్రాష్ అయితే పద్ధతి వేరు. 'సర్వర్ ఆగిపోతోంది, సాయం చేయండి' అన్న రిపోర్ట్‌తో ఎవరూ ఏమీ చేయలేరు. ఎర్రర్ లాగ్‌లో సిగ్నల్ 11 (మెమరీ తప్పుతో క్రాష్) దగ్గర నుంచి కింది భాగం మొత్తం, వెర్షన్, ఆ సమయంలో నడుస్తున్న క్వెరీ, షో క్రియేట్ టేబుల్ (పట్టిక నిర్మాణం) పెట్టాలి. స్టాక్‌లో (పిలిచిన ఫంక్షన్ల వరుసలో) ఫంక్షన్ పేర్లకు బదులు ఉత్త అడ్రస్‌లే కనిపిస్తే డీబగ్ సింబల్స్ ప్యాకేజీ వేసి, కోర్ ఫైల్‌ని (క్రాష్ అయినప్పటి మెమరీ నకలుని) జీడీబీ డీబగ్గర్‌లో తెరిచి అన్ని థ్రెడ్‌ల బ్యాక్‌ట్రేస్ తీయాలి. జిల్లా ఆఫీసుల్లో సర్వర్లు చూసుకునేవాళ్లకు కూడా ఈ మాట: రీస్టార్ట్ చేసేముందు ఆ లాగ్‌ని ఒకచోట కాపీ చేసి పెట్టుకోండి.

తెలుగు డేటాతో పనిచేసేవాళ్లు బగ్ అని పంపేవాటిలో చాలా మటుకు బగ్‌లు కావు. 'ఓరుగల్లు' తీసుకోండి. మనం చదివేది నాలుగు అక్షరాలు. యూనికోడ్‌కు అది ఎనిమిది సంకేతాలు: ఓ, ర, కొమ్ము, గ, ల, పొల్లు, ల, మళ్లీ కొమ్ము. యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు కాబట్టి మొత్తం 24. లెంగ్త్ అడిగితే 24 అంటుంది, క్యార్ లెంగ్త్ అడిగితే 8 అంటుంది, రెండూ సరైనవే. వార్‌క్యార్ 4లో (నాలుగు సంకేతాలే పట్టే కాలమ్‌లో) దాన్ని దూరిస్తే స్ట్రిక్ట్ మోడ్‌లో ఎర్రర్, స్ట్రిక్ట్ లేకపోతే 'ఓరుగ' మిగులుతుంది. కాలమ్ లాటిన్1లో (తెలుగు లేని సంకేతాల పట్టికలో) ఉంటే ఎనిమిది ప్రశ్నార్థకాలు వస్తాయి. మరియాడీబీలో 11.6 వెర్షన్ వచ్చేదాకా సర్వర్ సొంత డిఫాల్ట్ లాటిన్1నే. ఇక యూటీఎఫ్8 అని పెట్టుకున్న పాత పట్టికల్లో తెలుగు నిక్షేపంగా ఉండి, ఎమోజీ రాగానే చెడుతుంది. అక్కడ ఒక అక్షరానికి మూడు బైట్లే చోటు, ఎమోజీకి నాలుగు కావాలి, యూటీఎఫ్8ఎంబీ4కు మార్చుకోవాలి. 'సాఫ్ట్‌వేర్' అన్న మాటలో కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు) ఒకటుంటుంది. అది ఉన్న మాట, లేని మాట బైనరీ కొలేషన్‌లో (సంకేతాలను యథాతథంగా పోల్చే పద్ధతిలో) వేర్వేరు. ఇవన్నీ డిజైన్. ఏది డిజైనో ఏది దోషమో తేల్చి, నిజంగా దోషమైతే తెలుగు మాటతోనే టెస్ట్ రాసి పంపగలిగేది మనమే. ఆ పని మనకోసం మరియాడీబీ పుట్టిన ఫిన్లాండ్ నుంచి ఎవరో వచ్చి చేయరు.

టెస్ట్ అంటే ఇక్కడ ఖచ్చితమైన రూపం ఉంది. ఎంటీఆర్ అనే పెర్ల్ స్క్రిప్ట్ నడుపుతుంది. ఒక టెస్ట్ ఫైల్‌లో ఎస్‌క్యూఎల్, ఒక రిజల్ట్ ఫైల్‌లో రావాల్సిన జవాబు. రెండూ పోల్చి తేడా వస్తే ఫెయిల్. '--మెమ్' పెడితే డేటా ర్యామ్‌లోనే ఉండి వేగంగా నడుస్తుంది, అయితే 4 జీబీ మిషన్ మీద పెట్టొద్దు. కొత్తవాళ్లు కాలు జారేది 'రికార్డ్' దగ్గర. రిజల్ట్ ఫైల్ చేత్తో రాయనక్కర్లేదు, రికార్డ్ అంటే సర్వర్ ఏ జవాబిస్తే అదే రాసుకుంటుంది. తప్పు జవాబిచ్చినా రాసుకుంటుంది! అలా బగ్‌నే ప్రమాణంగా ఎక్కించిన ప్యాచ్‌లు సమీక్షకు వస్తుంటాయి. రికార్డ్ చేశాక రిజల్ట్‌ని లైను లైనూ చదివి, లెక్క కాగితం మీద వేసుకుని సరిచూడాలి.

ఒకసారి పాసై ఇంకోసారి ఫెయిలయ్యే టెస్ట్‌లది మరో తలనొప్పి. ఆర్డర్ బై లేకుండా వరుసలు ఒకే క్రమంలో వస్తాయనుకోవడం ఒక కారణం. 'సార్టెడ్ రిజల్ట్' పెడితే పోతుంది. ఇంకో థ్రెడ్ పని అయ్యేదాకా రెండు సెకన్లు స్లీప్ పెట్టడం రెండో కారణం. నెమ్మది మిషన్ మీద రెండు సెకన్లు చాలవు, వేగంగా ఉన్నదాని మీద దండగ. షరతు నెరవేరేదాకా ఆగే వెయిట్ కండిషన్ ఉంది, డీబగ్ బిల్డ్‌లో డీబగ్ సింక్ (థ్రెడ్‌లను అనుకున్న చోట ఆపేది) ఉంది. అవి వాడాలి. కొత్తవాడికి ఇంతకంటే మంచి మొదటి పని లేదు: ఇలా ఊగే టెస్ట్‌ని పట్టుకుని వందసార్లు రిపీట్‌లో నడిపి నిలబెట్టడం. సర్వర్ కోడ్ ముట్టుకోకుండానే సర్వర్ గురించి బోలెడు తెలుస్తుంది.

ప్యాచ్ ఏ బ్రాంచ్‌కు (వెర్షన్ శాఖకు) పంపాలన్నది మరో మెలిక. 10.11లో, 11.4లో, 11.8లో మూడింటా ఉన్న బగ్‌ని 11.8లో దిద్ది పంపితే తిప్పి పంపుతారు. నిర్వహణలో ఉన్న బ్రాంచ్‌లలో బగ్ కనిపించే అన్నింటికంటే పాతదాంట్లో దిద్దాలి, అక్కడి నుంచి పైవాటికి మరియాడీబీ వాళ్లే మెర్జ్ చేస్తారు (కలుపుతారు). కొత్త సౌకర్యమైతే పాతవాటికి వెళ్లదు. టైమ్‌స్టాంప్ (తేదీ, సమయం దాచే కాలమ్ రకం) పరిమితి ఇందుకు చక్కటి ఉదాహరణ. పాత వెర్షన్లలో అది మన గడియారం ప్రకారం 2038 జనవరి 19 ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లతో ఆగిపోతుంది. 2040లో తీరే ఇంటి లోన్ తేదీని ఆ కాలమ్‌లో దాచలేం. మరియాడీబీ 11.5లో 64 బిట్ మిషన్ల మీద దాన్ని 2106 దాకా పొడిగించారు. కానీ 10.11కు అది రాదు. కమిట్‌కు ఒకటే మార్పు, మొదటి లైన్లో ఎండీఈవీ నంబరు (మరియాడీబీ బగ్ జాబితాలో ఆ బగ్ సంఖ్య), దారిలో కనిపించిన ఖాళీలూ బ్రాకెట్లూ సర్దకుండా వదిలేయడం, బీఎస్‌డీ లైసెన్సు కిందో కాంట్రిబ్యూటర్ ఒప్పందం కిందో ఇస్తున్నామని చెప్పడం. మిగతాది ఓపిక.

ఆ ఓపిక దగ్గరే మన కాలేజీలతో పేచీ. సమీక్షకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఎనిమిదో సెమిస్టర్ అంతవరకు ఆగదు. 'మెర్జ్ అయితేనే మార్కులు' అంటే పిల్లలు మళ్లీ రెడీమేడ్ ప్రాజెక్టు కొనుక్కొచ్చి బైండింగ్ చేయిస్తారు, లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ మరో ఏడాది బతుకుతుంది. మెర్జ్ విద్యార్థి చేతిలో లేదు. బిల్డ్, చిన్న టెస్ట్, సవరణ మాత్రం అతని చేతిలోనే ఉన్నాయి. ఎన్ఐటీలో గానీ కాకతీయ యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీల్లో గానీ వైవాలో ఒక పని చేయించి చూడండి. విద్యార్థిని తన సవరణను గిట్‌లో వెనక్కి తీసి బిల్డ్ చేసి టెస్ట్ నడపమనండి, ఫెయిల్ కావాలి. సవరణ మళ్లీ పెట్టి నడపమనండి, పాస్ కావాలి. సీక్యాష్ ఉంటే మొత్తం పది నిమిషాలు పట్టదు. కొనుక్కొచ్చిన ప్రాజెక్టుతో ఇది చేయడం కుదరదు.

ఇట్లు
ఒక డేటాబేస్ ఇంజినీర్,
హన్మకొండ